వీపు మీద అలారం

ఈ మధ్య మా టీములో ముగ్గురు వీపుకి అగ్గిపెట్టె కన్నా చిన్న పరికరం ఒకటి అతికించుకుని తిరుగుతున్నారు. వంగి కూర్చుంటే జుయ్‌మంటుంది. మెడనొప్పి పుణ్యమా అని నేనూ ఓ నెల పెట్టుకున్నాను.

లోపల పెద్ద బ్రహ్మవిద్యేమీ లేదండీ. మన ఫోన్లలో ఉండే యాక్సెలరోమీటరే. నిటారుగా కూర్చుని ఒకసారి బటన్ నొక్కితే ఆ కోణం గుర్తుపెట్టుకుంటుంది. అంతకన్నా వంగి కొన్ని సెకన్లు అలాగే ఉండిపోతే చిన్న మోటారు తిప్పుతుంది. ఆలోచన కూడా పాతదే. 1968లోనే నేథన్ అజ్రిన్ అనే అమెరికా సైకాలజిస్టు, సహచరులు ఇలాంటిదే తయారుచేసి 25 మంది మీద పరీక్షించారు. వంగితే ముందు టిక్కుమనేది, అప్పటికీ సర్దుకోకపోతే మోత! పెట్టుకున్నంతసేపూ అందరూ వంగడం తగ్గించారు.

నాకు పేచీ ఆ 'పెట్టుకున్నంతసేపూ' దగ్గరే. నాలుగు గంటలు కదలకుండా కర్రలా కూర్చున్న రోజు నా యాప్ బ్రహ్మాండంగా మార్కులు వేసింది. మెడ మాత్రం సాయంత్రానికి యథాప్రకారం పట్టేసింది. నేను వాడినదానికి తెలిసింది కోణం ఒక్కటే. ఎంతసేపట్నుంచి కదల్లేదో దానికి పట్టదు.

ఆన్‌కాల్ చేసినవాళ్ళకి ఇది కొత్త సంగతి కాదు. అలర్టు వస్తే చెయ్యగలిగిన పని ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే రెండో వారానికల్లా మ్యూట్ చేసేస్తాం.

మన హైదరాబాదులోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2014లో డ్యూసియర్ టెక్నాలజీస్ వాళ్ళు 'లేచల్' అనే బూట్లు తెచ్చారు. చూపు లేనివాళ్ళ కోసం పుట్టిన ఆలోచన. ఫోన్లో మ్యాపుని బట్టి కుడికి తిరగాలంటే కుడి బూటు, ఎడమకైతే ఎడమ బూటు కంపిస్తుంది. తప్పు చేశావని కసరదు, ఏం చెయ్యాలో చెబుతుంది. మనిషి అక్కడికక్కడే తిరగగలడు. చెవులు ట్రాఫిక్కు వినడానికి ఖాళీగా ఉంటాయి. అలాగే పక్షవాతం తర్వాత నడక నేర్చుకునేవాళ్ళ చేత ఫిజియోథెరపిస్టు పక్కనుండి ఇలాంటి సంకేతాలతో సాధన చేయిస్తే అదీ వేరే లెక్క.

మన సంగతి అది కాదు. "లేచి నాలుగడుగులు వెయ్యి" అని వీపు చెప్పినా, క్లయింటు కాల్ మధ్యలో లేచేదెవరు?

మేముండేది జీడిమెట్లలో. మా పక్కింటాయన ఐడీఏలో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. రోజంతా నిలబడి ముందుకి వంగే పని. నా వీపు మీద ఉన్నదేంటని అడిగితే వివరించాను. ఆయన నవ్వి, "నడుం నొస్తున్నదని నాకు ఎర్కనే గద తమ్మీ, మళ్ల మిషిని చెప్పుడెందుకు? గంటకోపారి కూసుంటే పీసులు నువ్వొచ్చి తీస్తవా?" అన్నాడు.

అసలు విషయమంతా అందులోనే ఉంది. నొప్పి కన్నా పెద్ద సంకేతం ఏ పరికరమూ ఇవ్వలేదు. మనకి కొరత సంకేతానికి కాదు, అది విని లేవడానికి కావలసిన వెసులుబాటుకి. ఆ జుయ్‌మనేదేదో పనిగంటలు నిర్ణయించేవాళ్ళ వీపు మీద మోగాలి.

అంచేత పరికరం సొరుగులో పడేసి, గంట మీటింగులన్నీ 50 నిమిషాలకి కుదించమని మా లీడ్‌ని అడిగాను. ప్రస్తుతానికి రెండింటికి ఒప్పుకున్నాడు. ఆ పది నిమిషాలూ కారిడార్లో నడుస్తున్నాను. అడగడానికి నాకు ఆ మాత్రం చనువుంది. పక్కింటాయన ఎవర్నడగాలో మాత్రం నాకు తోచలేదు.