పులిహోర, క్రోమియం

నేపర్‌విల్, 2024 అక్టోబరు 6, ఆదివారం

భోజనాల బల్ల మీద ఊరగాయ జాడీ పక్కన కొత్త సీసా. క్రోమియం పికొలినేట్, 200 మైక్రోగ్రాములు. మా వియ్యంకుడిగారిది. "షుగరుకి మంచిదట బావగారూ, ఎలుకల మీద రుజువైందట" అన్నారు. ఏ ఎలుకలండీ అని నోటిదాకా వచ్చింది. కోడలి ఎదుట ఆయన్ని తగ్గించినట్టవుతుందని మింగేశాను.

అక్టోబరు 8

డుపేజ్ నది ఒడ్డున నడక. బాతులు తప్ప ఎవరూ లేరు.

వియ్యంకుడిగారి ఎలుకలు గుర్తొచ్చాయి. 1950లలో ష్వార్జ్, మెర్జ్ అనే శాస్త్రవేత్తలు టొరులా ఈస్ట్ మేత పెట్టి ఎలుకల్ని పెంచారు. వాటికి గ్లూకోజు ఇస్తే రక్తంలోంచి త్వరగా దిగేది కాదు. క్రోమియం ఇస్తే దిగిందని 1959లో రాశారు. అవి మేతలో లోటున్న ఎలుకలు. మా ఇంట్లో ఆ లోటు ఎవరికుంది?

అక్టోబరు 9, రాత్రి

నిద్ర రాలేదు. హైదరాబాదు ల్యాబ్ గుర్తొచ్చింది. ఎలుకలకి షుగరు జబ్బు తెప్పించడానికి స్ట్రెప్టోజోటోసిన్ పొడిని చల్లటి సిట్రేట్ బఫర్‌లో కలిపి, చెడిపోకముందే గబగబా ఇంజెక్షన్ చేసేవాళ్లం. క్లోమంలో బీటా కణాలు చచ్చిపోతూ ఇన్సులిన్‌ని ఒక్కసారిగా వదిలేస్తాయి. ఆ దెబ్బకి షుగరు పడిపోయి ఎలుక చావకుండా ఆ రాత్రికి గ్లూకోజు నీళ్లు. మూడోనాటికి నీళ్ల సీసా ఖాళీ, ఊకంతా తడి. ఊక మార్చడం నా వంతు. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

1985లో వాంకూవర్‌లో మెక్‌నీల్ బృందం ఇలాంటి ఎలుకలకే తాగే నీళ్లలో వెనేడియం లవణం కలిపింది. ఇన్సులిన్ పెరగకుండానే షుగరు మామూలుకొచ్చింది! అప్పట్లో మేమూ గంతులేశాం. తరవాత తెలిసింది: ఆ నీళ్లు ఎలుకలకి రుచించవు, మేతా తగ్గుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి.

అక్టోబరు 12, దసరా

అరోరా బాలాజీ గుడి. బావగారు పులిహోర రెండోసారి పెట్టించుకున్నారు.

అక్టోబరు 15

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల పని ఒకటుంది, 2010లో అచ్చయింది. తల్లి ఎలుకలకి క్రోమియం తగ్గిస్తే పిల్లల పొట్టలో కొవ్వు పెరిగింది. ఇదీ లోటు కథే. ఇక సీసా సంగతి: 2005లో అమెరికా ఎఫ్‌డీఏ, ఈ గుళికతో షుగరు జబ్బు ముప్పు తగ్గొచ్చని రాసుకోవాలంటే, ఆ సంబంధం ఉందో లేదో చాలా అనుమానమేనన్న మాట కూడా చేర్చి రాసుకోమంది. సీసా మీద ఆ వాక్యం కోసం కళ్లద్దాలు పెట్టుకుని వెతికాను. కనబడలేదు.

అక్టోబరు 17

పొద్దున్నే బావగారు గ్లూకోమీటరు పట్టుకొచ్చారు. 212. "మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా?" అన్నాను. క్రోమియం సీసా పక్కకి జరిపి, దాని వెనకనుంచి నిండు స్ట్రిప్పు తీశారు.