చేనికాడ రాత్రి, కంట్లో లెన్సు

అమరాపురం పక్క ఇప్పుడు వేట మాటెత్తకూడదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిలో వేట రాత్రులు తాతల ముచ్చటైపోయాయి. మనకు మిగిలింది చేను కాపలా. శెనక్కాయ ఊడలు దిగి కాయ పట్టిందంటే చాలు, అడవిపందులు గుంపుగా వచ్చి పడతాయి. టార్చి, కర్ర, దుప్పటి అందరూ తెచ్చుకునేవే. నాకైతే లెన్సుల డబ్బీ అదనం.

"బోరునీళ్లు తేటగా ఉండాయి కదరా, దాంట్లోనే కడిగేయి" అంటాడు మామ. ఆ తేటదనాన్నే నమ్మకూడదు. బావైనా, బోరైనా, కొళాయైనా నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. లెన్సుకు అంటుకుని కార్నియాలోకి దిగిందా, చూపుకే ఎసరు. మందులు నెలల తరబడి వాడాలి. ఉమ్ముతో తడిపేవాళ్ల సంగతి ఎత్తకపోవడమే మేలు.

అసలు పేచీ చేతులతోనే. రాగిముద్దలోకి ఊరుబిండి నంజుకున్న వేళ్ల కారం ఒక్క కడుగుకు పోదు. సబ్బుతో రెండు మార్లు రుద్ది, గోళ్ల సందులు చూసుకుని, ఉతికిన గుడ్డతో తడి లేకుండా తుడవాలి. శానిటైజర్ మట్టి చేతుల మీద సరిగా పనిచేయదు; ఆరకముందే కన్ను తాకితే భగ్గుమంటుంది.

లెన్సుతో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు 6 నుంచి 8 రెట్లని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క. కాపలాలో కునుకు పట్టదని ఎవరు పూచీ? పొద్దుగూకగానే తీసి కొత్త ద్రావణంలో వేస్తాను (పాతదాని మీదే పోయకూడదు), కళ్లద్దాలు తగిలిస్తాను. ఏ రోజుకారోజు పారేసే రకం ఇంకా సుఖం, ఖరీదే కాస్త ఎక్కువ. అద్దాలకు మంచు పడుతుందని మామ ఎగతాళి. పట్టనీ, పందిని గుర్తుపట్టడానికి అంత చూపు అక్కర్లేదు.