వియ్యంకుల పంచాయతీ

మేమంటే ఇద్దరం. ఒకరిది బెజవాడ, ఒకరిది విశాఖపట్నం. ఇద్దరిలో డాక్టరు ఒకరే. ఈ నాలుగు మాటలూ రాసింది డాక్టరు, పక్కన కూర్చుని కొట్టివేతలు చేయించింది రెండోవారు. డాక్టరుది ఏ ఊరన్నది మాత్రం చెప్పడం లేదు. చెబితే మన సంఘంలో సగంమంది ఇక్కడే చదవడం మానేస్తారు.

అసలు పోటీ మా మధ్య కాదు, మా నాన్నగార్ల మధ్య. వియ్యంకులిద్దరూ ప్రతి శుక్రవారం ఫోన్లో మా ఇంటికి చేరతారు. మాకు పదకొండు, వాళ్ళకి ఒంటిగంటన్నర. భోజనం ముందు ఆకలి మీద ఉంటారేమో, మాటకు పదునెక్కువ. "ఏం బావగారూ, ఎండలకి బెజవాడలో ఇంకా మనుషులు మిగిలారా?" అని విశాఖ ఆయన మొదలుపెడతారు. "మాది ఎండే బావగారూ, ఆరిపోతాం. మీ ఉక్కకి తువ్వాలు పిండుకున్నారా?" అని బెజవాడ ఆయన. జెద్దాలో ఒక్క ఆగస్టు గడిపితే ఇద్దరి నోళ్ళూ పడిపోతాయని మా అభిప్రాయం. ఆ ఎండనూ ఈ ఉక్కనూ ఒకే విస్తట్లో వడ్డించే ఊరు ఇది.

మా పెళ్లి అన్నవరంలో జరిగింది. మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని రెండు పక్షాలూ పట్టుబడితే, మధ్యలో సత్యదేవుడి కొండ ఉందిగా అని ఎవరో పెద్దమనిషి తీర్పు చెప్పారు. అది మధ్య కాదని, విశాఖకు బాగా దగ్గరని, రైలు టైంటేబులు పట్టుకుని బెజవాడ ఆయన ఇవాళ్టికీ రుజువు చేస్తుంటారు.

మాకు నిజంగా ఆసక్తి కలిగించింది విశ్వవిద్యాలయాల సంగతి. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది బెజవాడలో. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులు. 1930లో దాన్ని వాల్తేరుకు తరలించారు. ఈ కథ బెజవాడ ఆయన చెబుతుంటే ఇంటి పాడిగేదెను ఎవరో తోలుకుపోయినట్టే ఉంటుంది. ఆయన బి.ఏ. పట్టా కూడా ఆ విశ్వవిద్యాలయానిదే. గుంటూరు పక్కన నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో వచ్చేదాకా కృష్ణా జిల్లా చదువులకు వాల్తేరే పెద్దదిక్కు.

ఆ బాకీ 1986లో తీరింది. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయాన్ని విజయవాడలో పెట్టారు. 1923 నుంచీ ఉన్న విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల కూడా దాని కిందికి వచ్చింది. కనుక డాక్టరు ఐదున్నరేళ్ళు చదివింది విశాఖలో, తిరిగింది కింగ్ జార్జి ఆసుపత్రి వార్డుల్లో, పట్టా మీద ముద్ర మాత్రం బెజవాడది. సౌదీ ఉద్యోగానికి ఈ పట్టా నిజమైనదేనా అని విచారణ వెళ్ళింది కూడా అక్కడికే. నిజమేనని జవాబు వచ్చిన రోజు బెజవాడ ఆయన అన్నమాట: "మేము సంతకం పెట్టకపోతే మీ ఊరి చదువు చెల్లదు బావగారూ."

ఈ బాధ మన తెలుగువాళ్ళకే ఉందనుకోనక్కరలేదు. ఆసుపత్రిలో డాక్టరుకు ఒక సౌదీ సహోద్యోగి ఉన్నాడు, పుట్టి పెరిగింది జెద్దాలోనే. రియాద్ మాట ఎత్తితే చాలు, "జెద్దా గైర్" అంటాడు. జెద్దా వేరు అని. విదేశాంగ శాఖా, రాయబార కార్యాలయాలూ 1980లలో ఇక్కణ్ణుంచి రియాద్‌కు తరలిపోయాయి. అప్పటికి అతను పుట్టనైనా లేదు. అయినా చెప్పే తీరు మాత్రం మా పాడిగేదె తీరే.

విశాఖ ఆయన చిట్టా పొడుగు. 1933 నాటి హార్బరు, 1948లో నీళ్ళలోకి దిగిన జల ఉష ఓడ, ఉక్కు కర్మాగారం. ఉక్కు అనగానే, 1966లో దానికోసం నిరాహారదీక్ష చేసిన అమృతరావుగారు గుంటూరు జిల్లావారు కారా అని బెజవాడ ఆయన అడ్డుపడతారు. గుంటూరు మీదెప్పుడైందని ఈయన. అక్కణ్ణుంచి ఆయన బ్యారేజీ, రేడియో స్టేషను, పునుగుల దాకా వెళ్తారు. రాజధాని మాట ఎత్తకూడదని మా ఇంట్లో ఒప్పందం, ఈ పత్రికలోనూ అదే మంచిది. 2015లో అమరావతికి శంకుస్థాపన జరిగినప్పుడు ఒకరు మిఠాయి పంచారు. 2020లో విశాఖకు పాలనా రాజధాని అని చట్టం వచ్చినప్పుడు రెండోవారు పంచారు. 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. 2025 మేలో అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఎవరు పంచినా తినేది ఇద్దరూ. ఇద్దరికీ షుగరే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. అప్పటికి మా సంబంధం ఇంకా మాటల్లోనే ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, వీధి నిండా పడిపోయిన చెట్లు. నాలుగో రోజు ఒక లారీ డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి కొవ్వొత్తులు, పాలపొడి, ఆరు నీళ్ళ డబ్బాలు దించి వెళ్ళాడు. చీటీ కూడా లేదు. సంబంధం ఖాయమైంది ఆ రోజేనని విశాఖ అమ్మగారు అంటారు.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. ఇక్కడ పనిరోజు. డాక్టరు ఓ.పి.లో ఉండగా బెజవాడ సింగ్‌నగర్ నుంచి ఫోను. బుడమేరు పొంగింది, కింది వాటా మునిగింది, పెద్దవాళ్ళిద్దరూ పైవాటాకి ఎక్కారు. ఆయన తీసుకుపోయింది ఒక సంచీ, ఇన్సులిన్ సీసాలు. ఫ్రిజ్ లేదు, మందు పాడవుతుందేమోనని ఆయన బెంగ. వాడుతున్న సీసా బయట నాలుగు వారాలు ఆగుతుంది, ఎండ తగలకుండా తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టండి అని డాక్టరు చెప్పడం ఆయన విన్నారు. ఆ తరువాత చెప్పాల్సింది అసలు ముఖ్యమైనది. తిండి సరిగా దొరక్కపోతే రోజూ వేసుకునే మోతాదు వేసుకోవద్దు అన్నది. ఆ మాట సగంలో ఫోను ఆగిపోయింది.

రెండు రోజులు మళ్ళీ మోగలేదు. తిండి లేని మనిషి పూర్తి మోతాదు వేసుకుంటే చెమటలు పట్టి, మాట తడబడి, స్పృహ తప్పి ఏమవుతుందో డాక్టరుకు తెలుసు. ఇంట్లో మాత్రం చార్జింగు అయిపోయి ఉంటుందిలే అని చెప్పడం జరిగింది. ఆ సగం వాక్యం సంగతి చెప్పలేదు. ఈ పేరా చూసి రెండోవారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. కొట్టివేయమని కూడా అనలేదు.

విశాఖ ఆయన ఆ ఆదివారం రాత్రే బయలుదేరారు. చాలా రైళ్లు రద్దయితే కారు మాట్లాడుకున్నారు. పంచదార పొట్లం మరచిపోవద్దని ఆయనకు మాత్రం డాక్టరు చెప్పి, ఎందుకో కూడా చెప్పారు. డెబ్బయ్యో ఏట ఆయన ట్రాక్టరు మీద కొంత, నడుముల్లోతు నీళ్ళలో కొంత, మంగళవారం మధ్యాహ్నానికి ఆ మెట్లు ఎక్కారు. బావగారు మంచం మీద కూర్చుని నానబెట్టిన అటుకులు తింటున్నారట. మందు సంగతి అడిగితే, "తిండి సగమైతే మందు సగం కాదూ? ఆ మాత్రం లెక్క బెజవాడవాళ్ళకి రాదనుకున్నారా?" అన్నారట. విశాఖ ఆయన ఫోను చేసి ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన గొంతు బాగాలేదు. డాక్టరు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయారు.

పెద్దవాళ్ళిద్దరినీ విశాఖ తీసుకెళ్ళారు. మూడు వారాలున్నారు. కృష్ణ నీళ్ళు తాగిన నాలుకకి ఇక్కడి నీళ్ళు చప్పగా ఉన్నాయని బెజవాడ ఆయన, ఉచితంగా పోస్తే రుచులెంచుతారా అని విశాఖ ఆయన. ఒకే గదిలోంచి మాట్లాడుతుంటే ఆ శుక్రవారాలు మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. దసరాకి అమ్మవారి ఊళ్ళో లేకపోతే ఎలాగని, ఇంకా బురద ఎత్తవలసిన ఇంటికే తిరుగు ప్రయాణమయ్యారు. మాడుగుల హల్వా వద్దంటున్నా సంచీలో పడింది. రత్నాచల్ కదులుతుంటే, రైల్వే జోను 2019లోనే మాకిచ్చారు, గుర్తుంచుకోండి బావగారూ అని విశాఖ ఆయన ప్లాట్‌ఫారం మీంచి కేక వేశారట. కిటికీలోంచి జవాబు వచ్చింది: "జోను మీదైతేనేం, జంక్షను మాది!"