మదురై దాటాక ఆగని బస్సులు

తెలుగునాట బయలుదేరే దక్షిణదేశ యాత్రా బస్సులన్నిటిదీ దాదాపు ఒకే దారి. శ్రీరంగం చూసుకొని మదురై చేరి, మీనాక్షి అమ్మవారి దర్శనం, తిరుమల నాయకుని మహలు, ఆ తరవాత రామేశ్వరం అయ్యాయనిపించి, 44వ జాతీయ రహదారి పట్టుకొని అవి ఏకబిగిన కన్యాకుమారి వెళ్లిపోతాయి. ఆ రహదారి మీదే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. దానికి పడమట శివకాశి, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, తూర్పున ఎట్టయపురం ఉన్నాయి. బస్సు ఆగితే టీ కోసమో, సాత్తూరు కారసేవు పొట్లాల కోసమో ఆగుతుంది. మదురై నాలుగు మాడవీధుల్లో కాలు మోపే సందు లేని రోజుల్లో కూడా ఈ ఊళ్లలోని కొండగుళ్లూ సమాధులూ స్మారక మందిరాలూ తీరికగానే ఉంటాయి. మిగతా యాత్రికుల మాట ఎలా ఉన్నా, తెలుగు చదువుకున్నవారు ఈ సీమను కిటికీలోంచి చూసి సరిపెట్టుకోవడం మాత్రం వింతే. ఒక తెలుగు ప్రబంధానికి కథాస్థలమైన ఊరు, కర్ణాటక సంగీతానికి ప్రమాణంగా నిలిచిన ఒక తెలుగు గ్రంథం అచ్చయిన ఊరు ఈ దారికి అటూ ఇటూ ఉన్నాయి.

ఈ నేలను తమిళంలో కరిసల్ అంటారు, అంటే నల్లరేగడి. వాన పడితే పత్తి, మిరప, చిరుధాన్యాలు పండే మెట్టభూమి ఇది. 16వ శతాబ్దంలో మదురై నాయకులు రాజ్యాన్ని పాళెములుగా, అంటే కప్పం కట్టి సైన్యాన్ని పోషించే చిన్న సంస్థానాలుగా విభజించినప్పుడు ఇక్కడి పాళెగాళ్లలో పలువురు తెలుగువారే అయ్యారు. వారి వెనకా ముందూ వచ్చిన రాజకంబళ నాయకులు, కమ్మవారు, రెడ్లు, రాజులు ఈ రేగడిలోనే స్థిరపడ్డారు. వారి సంతతిలో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదువూ రాతా తమిళంలో సాగిస్తారు. రాజపాళయంలోని రాజుల కుటుంబాలు అలాంటివే. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారు. తాను నివసించిన ఇంటిని ఆయన కళలకు దానమివ్వగా, అది నేడు గాంధీ కళా మన్రంగా ఉంది.

శివకాశికి సుమారు 20 కిలోమీటర్ల పడమట ఉన్న శ్రీవిల్లిపుత్తూరు పేరు తెలుగువారికి కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తునికీ ఆయన పెంచిన గోదాదేవికీ నెలవుగా వర్ణించిన విల్లిపుత్తూరు ఇదే. తెల్లవారుజామున కాలవ గట్టున రెక్కల్లో తల దూర్చి నిద్రపోతున్న బాతులను చూసి, స్నానానికి వచ్చినవారు మరచిపోయిన తడిబట్టలనుకొని కాపలావారు తీయబోయారన్న పద్యం చదివినవారికి ఈ ఊరి నీటివనరుల మీద గట్టి ఆశే కలుగుతుంది. నేటి మెట్టసీమలో ఆ బాతుల కోసం వెతకడం కవికి అన్యాయం చేయడమే అవుతుంది గాని, గుడికి దగ్గరలోని తిరుముక్కుళం అనే పెద్ద కోనేరు, చుట్టుపక్కల చెరువులు వానాకాలంలో నిండినప్పుడు ఆ పద్యం పూర్తిగా ఊహల్లోంచి పుట్టలేదేమో అనిపిస్తుంది. గుడిలో రెండు ప్రధాన సన్నిధులున్నాయి, ఒకటి వటపత్రశాయిది, మరొకటి ఆండాళ్ అని తమిళులు పిలిచే గోదాదేవిది. వటపత్రశాయి సన్నిధి ముందున్న 11 అంతస్తుల రాజగోపురం 192 అడుగుల ఎత్తు; తమిళనాడు ప్రభుత్వ చిహ్నంలో కనిపించే గోపురం దీనిదేనని చెబుతారు. రెండు సన్నిధుల నడుమ ఉన్న నందనవనంలో తులసి మొక్క దగ్గర పసిబిడ్డగా గోద దొరికిన చోటును నేటికీ చూపిస్తారు.

గోపురం కంటే కాసేపు ఎక్కువగా నిలబడి చూడదగినది అమ్మవారి ఎడమచేతిలోని చిలుక. అది రాయీ కాదు, లోహమూ కాదు. ఏ రోజుకారోజు దానిమ్మ పువ్వుతో ముక్కు, కర్రపెండలం ఆకులతో ఒళ్లు, వెదురు పుల్లలతో కాళ్లు, కాకిబంగారం పలుకులతో కళ్లు అమర్చి, తరతరాలుగా అదే పని చేస్తున్నవారు దాన్ని కొత్తగా అల్లి తెస్తారు. సాయంత్రం అమ్మవారి చేతిలో ఉన్న చిలుక మర్నాటికి ఎవరో ఒక భక్తుడి ఇంటికి చేరుతుంది. గోద ముడిచి విడిచిన మాల కూడా అలాగే ఊరు దాటి వెళుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు శ్రీవారు ధరించే మాల ఇక్కడినుంచి వచ్చినదే. మదురైలో చిత్తిరై పండుగకు వైగై నదిలో దిగే కళ్లళగర్ స్వామి మెడలోనూ ఇక్కడి మాలే ఉంటుంది. ఆ రెండు చోట్లా లక్షల మంది చూసే మాల అది. అది తయారయ్యే ఊరికి వచ్చేవారి సంఖ్య అందులో ఎన్నో వంతో లెక్కకు అందదు. తిరుమల నాయకుడు ఇక్కడ కూడా ఒక చిన్న మహలు కట్టించాడు, మదురై మహలు ముందు టిక్కెట్ల వరస చూసి వెనుదిరిగినవారికి ఇది పనికివస్తుంది.

కోవిల్‌పట్టికి తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని ఎట్టయపురానికి తమిళుల్లో రెండు రకాల పేరు ఉంది. సుబ్రహ్మణ్య భారతి 1882లో పుట్టిన ఊరు కాబట్టి ఒక మంచి పేరు. పాళెగాడు కట్టబొమ్మనకు వ్యతిరేకంగా ఆంగ్లేయుల పక్షం వహించిన ఎట్టప్ప నాయకుని సంస్థానం కాబట్టి ఒక చెడ్డ పేరు. ద్రోహిని ఎట్టప్పన్ అని తిట్టడం తమిళంలో నేటికీ వాడుకే. రచయిత కల్కి కృష్ణమూర్తి పూనికతో కట్టిన భారతి మణిమండపం 1947లో ప్రారంభమైంది. తమిళ యాత్రికులు ఈ ఊళ్లో చూసేది ముఖ్యంగా దాన్నీ, కవి పుట్టిన ఇంటినీ. సంగీతం తెలిసినవారు మాత్రం ముత్తుస్వామి దీక్షితుల సమాధికి వెళతారు. తమ్ముడు బాలస్వామి దీక్షితులు ఇక్కడ ఆస్థాన విద్వాంసుడు కావడంతో జీవితపు చివరి కాలంలో దీక్షితులు ఈ ఊరు చేరారు. దారిలో ఎండిన చేలు చూసి అమృతవర్షిణి రాగంలో పాడగా వాన కురిసిందని ఒక కథ ఉంది. ఈ రేగడి నేల మీద ఎండాకాలం గడిపినవారికి ఆ కథ ఎందుకు పుట్టిందో విడమరచి చెప్పనక్కరలేదు. 1835 దీపావళి నాడు, శిష్యులు మధుర మీనాక్షి మీద ఆయన గమకక్రియా రాగంలో కూర్చిన కీర్తన పాడుతుండగా ఆయన కన్నుమూశారని సంప్రదాయం చెబుతుంది. మదురైలో మీనాక్షి గుడిని చూసి వచ్చినవారికి ఆ దేవత మీది ఆ కీర్తన చివరిసారి వినిపించిన ఊరు రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో ఉందని చెప్పేవారే కనిపించరు.

ఎట్టయపురం చేసిన అంతకన్న పెద్ద పని అచ్చుయంత్రం మీద జరిగింది. బాలస్వామి దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు (1839-1906) రచించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఈ సంస్థానంలోని విద్యా విలాసినీ ముద్రణాలయంలో తెలుగు లిపిలో, తెలుగు వచనంలో వెలువడింది. మద్రాసుకు చెందిన చిన్నస్వామి మొదలియారు అనే క్రైస్తవుడు అంతకు ముందే మన సంగీతాన్ని పాశ్చాత్య స్వరలిపిలో అచ్చువేయాలని పూనుకొని, ఆ పనిలో కంటిచూపు దెబ్బతిన్నాక, ఇంటి విద్యను బయటపెట్టడానికి వెనుకాడుతున్న సుబ్బరామ దీక్షితులను ఎట్టయపురం రాజు చేత ఒప్పించాడు. వేంకటమఖి సంప్రదాయాన్ని అనుసరించి 72 మేళరాగాలు, వాటి లక్షణాలు, గీతాలు, ప్రబంధాలు, రెండు వందలకు పైగా ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలు, వాగ్గేయకారుల చరిత్రలు ఇందులో ఉన్నాయి. పుట తెరిస్తే ముందుగా కంటబడేవి తెలుగు స్వరాక్షరాల మీద పేర్చిన చిన్న చిన్న గుర్తులు. స్వరాన్ని ఊపడం, జార్చడం, తాకి వదలడం వంటి అలంకారాలను గమకాలంటారు. గురువు ఎదుట కూర్చుని వింటే తప్ప పట్టుబడని ఆ గమకాలకు గ్రంథకర్త గుర్తులు కల్పించారు. కంపితానికి అలలాంటి గీత, జారుకు ఏటవాలు గీత; నొక్కు, రవ, ఒరిక వంటి వాటికి వేరువేరు చిహ్నాలు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ తరవాతి కాలంలో దీన్ని తమిళ లిపిలోకి మార్చి ప్రచురించడంతో తమిళ గాయకులకు ఇది సులువుగా అందింది. ద్రోహానికి మారుపేరుగా మిగిలిన సంస్థానమే ఈ పుస్తకానికి ఖర్చు భరించిందన్న సంగతి ఎట్టప్ప పేరెత్తి తిట్టేవారికి గుర్తుండదు. చరిత్రలో ఒకే ఇంటికి రెండు లెక్కల పుస్తకాలు ఉండడం అరుదేమీ కాదు.

ఆ తిట్టుకు మూలమైన వీరపాండ్య కట్టబొమ్మన కూడా రాజకంబళ నాయకుడే, జక్కమ్మను కొలిచే తెలుగు వంశంవాడే. పాంచాలంకురిచ్చి పాళెగాడైన ఆయనను ఆంగ్లేయులు 1799 అక్టోబరు 16న కయత్తారులో చింతచెట్టుకు ఉరితీశారు. ఆ చోట విగ్రహం నెలకొల్పినవాడు, 1959 నాటి సినిమాలో ఆ పాత్ర ధరించిన శివాజీ గణేశన్. జాతీయ రహదారి పక్కనే ఉన్నా బస్సులు ఆగని చోట్లలో ఇదొకటి.

కోవిల్‌పట్టికి పడమట సుమారు 20 కిలోమీటర్ల దూరంలో కళుగుమలై ఉంది. కొండ కింద మురుగన్ గుడికి భక్తులు నిత్యం వస్తారు. కొండ మీది వెట్టువాన్ కోయిల్‌కు ఎక్కేవారు తక్కువ. ఇది 8వ శతాబ్దంలో పాండ్యుల కాలంలో తలపెట్టిన ఏకశిలా ఆలయం, అంటే రాళ్లు పేర్చి కట్టినది కాక, కొండరాతిని చుట్టూ లోతుగా తవ్వి నడుమ మిగిలిన బండను పైనుంచి కిందికి గుడిగా చెక్కినది. ఎల్లోరా కైలాసంతో దీన్ని పోల్చడం మామూలే గాని, పరిమాణంలో పోలిక లేదు. ఇక్కడి గొప్పదనం పూర్తికాకపోవడంలోనే కనిపిస్తుంది. శిఖరం, నందులు, గణాల వరస నునుపుగా పూర్తయ్యాయి. దక్షిణపు వైపు దక్షిణామూర్తి ఉపదేశ ముద్ర విడిచి మృదంగం వాయిస్తున్నాడు. కిందికి వచ్చేకొద్దీ ఉలిదెబ్బలు మొరటై, అధిష్ఠానం దగ్గర ఉత్త బండ మిగిలింది. గుడిని ఏ వరసలో చెక్కారో పాఠం చెప్పినట్టు తెలుస్తుంది. పని ఆగడానికి తండ్రీకొడుకులైన శిల్పుల ఈర్ష్య కారణమని స్థానికులు చెప్పే కథను అసంపూర్తి గుళ్లు ఉన్న ప్రతి ఊరూ ఏదో రూపంలో చెబుతుంది కాబట్టి పెద్దగా పట్టించుకోనక్కరలేదు. అదే కొండకు మరో పక్క తీర్థంకరుల ప్రతిమలు వరసలు వరసలుగా బండ మీద చెక్కి ఉన్నాయి. వాటి కింద వట్టెళుత్తు అనే పాత తమిళ లిపిలో, ఆ ప్రతిమలను చేయించినవారి పేర్లున్నాయి. వారిలో జైన స్త్రీ గురువులు కూడా ఉండడం గమనించదగ్గది.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ తమిళ కథకుడు కి. రాజనారాయణన్ ఊరు. ఇంట్లో తెలుగు మాట్లాడే కమ్మవారి కుటుంబంలో పుట్టిన ఆయన, చెన్నాదేవి అనే అందగత్తెను కాపాడుకోవడానికి ఉత్తరం నుంచి పారిపోయి వచ్చి రేగడి అడవిని నరికి ఊరు కట్టుకొన్న తెలుగువారి కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 2021లో ఆయన మరణించాక ప్రభుత్వం కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కట్టించింది. ఈ ఊరితోనే ముడిపడిన మరొకరు చిత్రకారుడు సి. కొండయ్య రాజు (1898-1976). నాటక సమాజానికి తెరలు రాయడానికి వచ్చి, ఆయన ఇక్కడే ఉండిపోయారు. ఆయనా ఆయన శిష్యులూ వేసిన దేవతా చిత్రాలు శివకాశి అచ్చుయంత్రాల మీదుగా క్యాలెండర్లై దక్షిణదేశపు పూజగదుల గోడలెక్కాయి. 1922లో ఇద్దరు నాడార్ బంధువులు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని రావడంతో శివకాశి పరిశ్రమ మొదలైంది. అగ్గిపెట్టెలకు లేబుళ్లు కావలసివచ్చి అచ్చుపని పెరిగింది. అక్కడి బాణసంచా కర్మాగారాలు ప్రమాదభరితమైన పనిచోట్లు, వాటిని వేడుకగా చూడబోవడం తగదు. శివకాశిలోని కాశీవిశ్వనాథుని గుడి, ఆనుకొని ఉన్న తిరుత్తంగల్ కొండమీది నిన్ర నారాయణ పెరుమాళ్ సన్నిధి చాలు.

విరుదునగర్‌లో కామరాజు పుట్టి పెరిగిన ఇల్లు స్మారకంగా ఉంది. అదే ఊళ్లో 1956లో శంకరలింగనార్ మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలని, మరికొన్ని కోరికలతో కలిపి, 76 రోజులు నిరాహారదీక్ష చేసి అక్టోబరు 13న మరణించారు. అప్పటి ముఖ్యమంత్రి ఆ ఊరి బిడ్డ కామరాజే. నాలుగేళ్ల ముందు పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగాన్ని ఎరిగిన తెలుగువారికి ఈ కథలో తెలియనిది స్థలం ఒక్కటే. విరుదునగర్‌కు తూర్పున ఉన్న తిరుచ్చుళి రమణ మహర్షి 1879లో పుట్టిన ఊరు. అరుణాచలం వెళ్లే తెలుగు భక్తుల్లో చాలామంది ఇక్కడిదాకా రారు.

బసకు కోవిల్‌పట్టి అనువైనది, రైలూ బస్సూ రెండూ ఉన్నాయి. కళుగుమలై ఎండ ముదరకముందే ఎక్కి దిగి, పగలు ఎట్టయపురం, తిరుగుదారిలో కయత్తారు చూడవచ్చు. శ్రీవిల్లిపుత్తూరుకూ రాజపాళయానికీ వేరే రోజు పెట్టుకోవాలి. గర్భగుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కాబట్టి ఆ వేళకు పాలకోవా దుకాణాల పని పెట్టుకోవడం మంచిది. కోవిల్‌పట్టి పల్లీపట్టీకి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బెల్లంతో చేసే ఆ పట్టీని ఊళ్లోని ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు, బేరానికి తెలుగు వాడినా చాలాచోట్ల సాగుతుంది.