గేటుకు అంటించిన నోటీసు

మా అపార్ట్‌మెంటు కూలేలా ఉందని మునిసిపల్ ఆఫీసుకు ఫిర్యాదు చేసింది ఇరుగుపొరుగువాళ్ళు కాదు, మేమే. అర్జీ రాసింది నేను. అసోసియేషన్ సెక్రటరీగా కింద సంతకమూ నాదే. ఆ కాగితం వల్ల మా పన్నెండు కుటుంబాలకు ఎంత నష్టం జరిగిందో లెక్క తేలడానికి ఐదేళ్ళు పట్టింది.

చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు నడిచి వెళ్ళే దూరంలో ఉండేది మా బిల్డింగు. 900 గజాల స్థలం. 1984లో కట్టిన గ్రౌండ్ ప్లస్ మూడంతస్తులు, అంతస్తుకు మూడు ఫ్లాట్ల చొప్పున పన్నెండు. లిఫ్టు లేదు, పార్కింగూ లేదు. కార్లు కొన్నవాళ్ళు రాత్రిపూట సందులో స్థలం కోసం పోట్లాడుకునేవాళ్ళు. బాత్రూముల కింద స్లాబు చెమ్మెక్కి పెచ్చులూడేది. లోపలి చువ్వలు తుప్పుపట్టి కనిపించేవి. కాంక్రీటులో చువ్వకు నీళ్ళు తగిలితే తుప్పు ఉబ్బుతుంది, ఉబ్బిన తుప్పు పైనున్న కాంక్రీటును పగలగొట్టుకుని బయటికొస్తుంది. అది మొదలైందంటే రంగులు వేసినా ఆగదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో ఏటా పుట్టీ పెట్టించి సున్నం వేయించేవాళ్ళం.

2017 చివర్లో ఒక బిల్డర్ వచ్చాడు. పాతది కూల్చి స్టిల్టు, దానిమీద ఐదంతస్తులు వేసి ఇరవై ఫ్లాట్లు కడతానన్నాడు. పన్నెండు మాకు, ఎనిమిది తనకు. అప్పట్లో హైదరాబాదులో మిగతా నగరాల్లోలాగా ఇన్ని గజాలకు ఇన్ని చదరపు అడుగులే కట్టాలన్న పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదలాల్సిన ఖాళీ చూసి ఎత్తు తేల్చేవాళ్ళు. 18 మీటర్లు, అంతకు మించితే హైరైజ్ కిందికి వచ్చేది, దానికి కనీసం 2000 చదరపు మీటర్ల స్థలం అవసరమయ్యేది. మాకున్నది అందులో సగం కూడా లేదు. కాబట్టి స్టిల్టు ప్లస్ ఐదే. ఊరి నడిబొడ్డున సందుల్లో అప్పుడు లేచినవన్నీ ఒకే పోతగా ఉండటానికి కారణం ఇదే.

మొదటి ఆఫర్ బాగుంది. ఖాళీ చేసిన రోజు నుంచి తాళాలు చేతికిచ్చే రోజు దాకా అద్దె, ఫ్లాటుకొక కారు పార్కింగు, సామాను మార్చుకోవడానికి కొంత డబ్బు. పదకొండుమంది తలలూపాం. పన్నెండో ఫ్లాటు గ్రౌండ్ ఫ్లోర్లో ఉండే పిన్నిగారిది. ఆమె భర్త దస్తావేజు లేఖరి. కంప్యూటర్లు రాకముందు ఆయన చెబుతుంటే స్టాంపు కాగితాలమీద రాసిపెట్టింది ఈమే. ముత్యాల్లాంటి అక్షరాలు. డ్రాఫ్టు ఇచ్చి వస్తే వారం తర్వాత పెన్సిలు గీతలతో తిరిగొచ్చింది.

“ఇందులో నా ఫ్లాటు ఏదీ బాబూ?” అంది.

“మీకూ ఒకటి వస్తుంది కదా పిన్నిగారూ, పన్నెండు రాశారుగా.”

“పన్నెండు అని రాశారు. నాది ఎన్నో అంతస్తో రాయలేదు. స్టిల్టు అంటే కింద కార్లు కదా, మరి గ్రౌండ్ ఫ్లోరు వాళ్ళం ఎక్కడికెళ్ళాలి? ఇంకోటి, ఇప్పుడు ఫ్లాటుకు 75 గజాలుంది. రేపు ఇరవైమందికి పంచితే ఎంత?”

నలభై ఐదు. నేను ఆ భాగహారం అప్పటిదాకా చెయ్యలేదు. చేశాక కూడా ఎవరికీ చెప్పలేదు. నిజానికి అది మోసం కాదు. ఎనిమిది ఫ్లాట్ల కింద పోయే 360 గజాలే ఆ బిల్డర్‌కు మేమిచ్చే సొమ్ము. ఊరికే వచ్చే ఫ్లాటు కాదది, తలా 30 గజాలు అమ్మి కొనుక్కునే ఫ్లాటు. ఆ ముక్క మీటింగులో పైకి చెప్పివుంటే, మా 30 గజాలకు చిక్కడపల్లి రేటు కట్టి బేరమాడేవాళ్ళం. ‘ఫ్రీగా కొత్త ఫ్లాటు’ అనుకుంటూ ఆడే బేరం వేరు.

పిన్నిగారు నెలలు గడిచినా సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. అడిగినవి కాగితం మీద రాసి తెస్తే పెడతానంది. మాలో అసహనం పెరిగింది. మూడో అంతస్తు ఆయన కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు, ఒకాయన అమెరికా నుంచి ఫోన్లు చేసి విసుక్కునేవాడు. ఒకరాత్రి మేడమీద కూర్చుని ఉండగా ఎవరో అన్నారు: “బిల్డింగ్ డేంజర్ అని మునిసిపాలిటీ చేత నోటీసు ఇప్పిస్తే ఆమే దిగొస్తుంది.” అన్నది ఎవరైతేనేం, పట్టుకున్నది నేను.

జీహెచ్‌ఎంసీ చట్టంలో 456వ సెక్షన్ ఉంది. శిథిలమై పడిపోయేలా ఉన్న కట్టడాల యజమానులకు నోటీసిచ్చే అధికారం దాని కింద ఉంటుంది. ఏటా వానాకాలం ముందు నగరంలో ఇలాంటి నోటీసులు వెళ్తూనే ఉంటాయి. ఆ భయానికి కారణముంది. 2013 జూలైలో సికింద్రాబాదులో సిటీలైట్ హోటల్ ఉన్న పాత భవనం పొద్దున్నే కూలి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త పాత పేపరు ముక్క ఒకటి సంపాదించి అసోసియేషన్ మీటింగులో చదివి వినిపించాను. చదువుతూ పిన్నిగారి వైపే చూశాను. చనిపోయినవాళ్ళను అందుకు వాడుకున్నానని గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అర్జీకి తోడుగా ఇంజినీరు రిపోర్టు కావాలి. తెలిసిన ఒకాయన్ని పిలిచాం. కాంక్రీటు గట్టితనం తెలియడానికి రీబౌండ్ హ్యామర్ అని చేతిలో పట్టే పరికరముంది, లోపల పగుళ్ళున్నాయేమో చూడటానికి అల్ట్రాసోనిక్ పరీక్ష ఉంది, అనుమానముంటే చిన్న ముక్క కోసి ల్యాబుకు పంపుతారు. ఇవేవీ జరగలేదు. మేం అడగలేదు. పెచ్చులూడిన బాత్రూములు మాత్రం ఫోటోలు తీయించాం. ‘నివాసయోగ్యం కాదు’ అన్న మాట రిపోర్టులో ఉండాలని ముందే చెప్పాం, ఉంది.

2018 వానల్లో నోటీసొచ్చి గేటుకు అతుక్కుంది. పిన్నిగారు దిగిరాలేదు గానీ మిగతా అందరూ దిగిపోయారు, అదీ సామానుతో సహా. మొదటి అంతస్తులో అద్దెకున్న కుటుంబం మర్నాడే వెళ్ళిపోయింది. ‘ఇదంతా మనం చేయించిందే’ అని తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో కూడా రాత్రిపూట చప్పుడైతే పిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. మా ఆవిడ స్లాబు వైపు చూస్తూ అన్నం తినేది. నెల తిరక్కుండా మేమూ రామ్‌నగర్లో అద్దె ఇల్లు చూసుకున్నాం. అగ్రిమెంటు ఇంకా రిజిస్టరు కాలేదు. అంటే బిల్డర్ రూపాయి ఇవ్వాల్సిన పని లేదు.

అప్పుడొచ్చాడాయన, రెండో డ్రాఫ్టుతో. అద్దె ‘తాళాలిచ్చేదాకా’ కాదు, రిజిస్ట్రేషన్ నుంచి ‘24 నెలలు’. పార్కింగు ఫ్లాటుకొకటి కాదు, ‘వీలునుబట్టి’. సామాను మార్చుకునే డబ్బు మాయం. ఇదేమిటంటే మర్యాదగానే మాట్లాడాడు: “నోటీసున్న బిల్డింగ్ సార్, మీరెట్లా ఉంటారందులో? వేరే ఎవరినైనా అడిగి చూడండి.” అడిగాం. ఇద్దరొచ్చి చూసి, గేటు దగ్గరే ఆ కాగితం చదివి, ఇంకా తక్కువ చెప్పారు. పిన్నిగారి మీద మేం ప్రయోగించినదాన్ని బిల్డర్ తీసుకుని పన్నెండుమందిమీదా వాడాడు.

ఆ వారం పిన్నిగారిని కలిశాను. మనుషుల్లేని బిల్డింగులో, వాచ్‌మన్ కూడా వెళ్ళిపోయాక, ఆవిడొక్కతే ఉంది. మోటారు వేసేవాళ్ళు లేక బిందెలతో నీళ్ళు పట్టుకుంటోంది. నోటీసు జిరాక్సు చూపించి రెండో వాక్యం కింద వేలు పెట్టింది. “మరమ్మతు చేయించి గట్టిచేయండి, లేదా తొలగించండి అని ఉంది. అందరూ లేదా తర్వాతిదే చదివారా?” నిజంగానే నేను దాని ముందున్నది చదవలేదు.

తర్వాత ఆమె ఇంకో కాగితం తీసింది. బిల్డర్ ఆమెకు విడిగా రాసి నోటరీ చేయించి ఇచ్చినది: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా నెలనెలా అద్దె, ఆలస్యమైతే ఆ అద్దెకు మరికొంత కలిపి. ఆఖరి సంతకం కోసం అతను ఒప్పుకున్నాడు. “ఇదే మాట అగ్రిమెంటులో అందరికీ పెట్టించు బాబూ, నేనింకో వారం ఆగుతాను” అంది. నేను ఆమె చేతిలో కాగితం చూశాను, గోడకున్న గడియారం చూశాను. “మళ్ళీ లేటు చేయొద్దు పిన్నిగారూ, రిజిస్ట్రేషన్ స్లాటు దొరికింది” అన్నాను. నోటీసు రాయించడం తెలివితక్కువతనం. ఈ మాట అనడాన్ని ఏమనాలో నాకు తెలియదు.

2019 మొదట్లో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కం జీపీఏ (బిల్డర్‌తో ఒప్పందం, అధికార పత్రం కలిపి) రిజిస్టరైంది. ఆ ఏడాది చివర కూల్చారు. టేకు తలుపులు, గ్రిల్సు, కుళాయిలు ముందే విప్పుకెళ్ళారు. కూల్చే కాంట్రాక్టరుకు గిట్టుబాటు అక్కడే. ఒకరోజు చూద్దామని వెళ్ళాను. బాత్రూము స్లాబులు నాలుగు దెబ్బలకే రాలిపడ్డాయి. కాలమ్స్ దగ్గరికొచ్చేసరికి సమ్మెట ఎగిరెగిరి వెనక్కొస్తోంది. పాలమూరు నుంచొచ్చిన మేస్త్రి చెమట తుడుచుకుంటూ “ఇది ఇప్పట్లో పడేది కాదు సార్, ఎవడు చెప్పిండు కూలుతదని?” అన్నాడు. పగిలిన కాలమ్‌లోంచి బయటపడ్డ చువ్వ నల్లగా, శుభ్రంగా ఉంది. ఒక కాలమ్ చూసి బిల్డింగంతా గట్టిదని చెప్పలేను, నేను ఇంజినీర్ని కాను. పరీక్ష చేయిస్తే తెలిసేది. బాత్రూము స్లాబులు మార్చి, కాలమ్స్‌కు అవసరమైన చోట జాకెటింగ్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) చేయించుకుంటే ఇంకెన్నేళ్ళు నిలిచేదో కనీసం అంకె చేతిలో పట్టుకుని బిల్డర్ ముందు కూర్చునేవాళ్ళం. అప్పుడూ కూల్చేవాళ్ళమేమో. లిఫ్టు, పార్కింగు నిజంగానే కావాలి మాకు. పాతదంతా పవిత్రమని నేననను. మోకాళ్ళ నొప్పితో మూడంతస్తులు ఎక్కినవాళ్ళెవరూ అనరు.

తర్వాతిది చాలామందికి తెలిసిన కథే. పునాది గుంతలు తవ్వాక 2020 మార్చిలో లాక్‌డౌన్, కూలీలు ఊళ్ళకు నడిచివెళ్ళిపోవడం. అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వానకు మా స్థలం చెరువైంది. ప్రాజెక్టులకు రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఆరు నెలల గడువు పొడిగించింది, అది న్యాయమే. కానీ మా అద్దెల గడువు పొడిగించేవారెవరు? 2021 మొదట్లో 24 నెలలూ అయిపోయాయి. తాళాలు చేతికొచ్చింది 2023లో. రెండేళ్ళపాటు పదకొండు కుటుంబాలు సొంత జేబులోంచి అద్దె కట్టుకున్నాయి. పిన్నిగారికి మాత్రం ప్రతి నెలా డబ్బు పడింది. రెండుసార్లు ఆగితే లాయరు నోటీసు ఇచ్చిందట, మళ్ళీ పడింది. కూతురి పెళ్ళి చేసినాయన అప్పులు తట్టుకోలేక మధ్యలోనే తన వాటా అమ్మేశాడు. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఏడాది క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టే వెసులుబాటు 2017 బడ్జెట్లో వచ్చింది, అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో 45(5ఎ) సెక్షన్. ముందే అమ్ముకుంటే ఆ వెసులుబాటు పోతుంది. ఆయనకు ఆ సంగతి చెప్పాల్సింది కూడా సెక్రటరీనే అనుకుంటాను.

ఫ్లాట్లు చీటీలు వేసి పంచారు. కాగితం మీద నాది 1100 చదరపు అడుగులు, పాతదానికన్నా వంద ఎక్కువ. అందులో లిఫ్టు, లాబీ, మెట్లు, గోడలు అన్నిట్లో మన వంతు కలిసే ఉంది. రెరా చెప్పే కార్పెట్ ఏరియా లెక్కన పాత ఇంటికంటే తగ్గింది. మా అమ్మ మంచం వేసిన గదిలో బీరువా పట్టింది గానీ దాని రెండో తలుపు పూర్తిగా తెరుచుకోదు. గ్రౌండ్ ఫ్లోరు పిన్నిగారికి చీటీలో ఐదో అంతస్తు వచ్చింది. ఎవరైనా మార్చుకుంటారా అని అడిగాను, నాది రెండో అంతస్తు, నేనూ మార్చుకోలేదు. ఆవిడ దాన్ని అద్దెకిచ్చి బాగ్‌లింగంపల్లిలో కింది వాటా ఇంట్లో ఉంటోంది. మెట్ల కింద ముప్పై ఏళ్ళు ఇస్త్రీ చేసినాయన ఏమయ్యాడో ఎవరం కనుక్కోలేదు. ఏ డ్రాఫ్టులోనూ ఆయన లేడు.

ఇప్పుడు మా సందులోనే మరో రెండు పాత అపార్ట్‌మెంట్లు బిల్డర్లతో మాట్లాడుతున్నాయి. అనుభవమున్నవాడినని నా దగ్గరికొస్తారు. ‘ఎంత పర్సెంటేజీకి ఇచ్చారు, ఏ బిల్డర్ మంచివాడు’ అని అడుగుతారు. పరీక్షలు చేయించారా అని, అగ్రిమెంటు రిజిస్టరవకుండా ఎవరైనా ఖాళీ చేశారా అని నేనడుగుతాను. తర్వాత బాగ్‌లింగంపల్లి తీసుకెళ్తాను. పిన్నిగారు టీ ఇచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, డ్రాఫ్టు ముట్టుకోకుండా ముందొక మాట అడుగుతుంది.

“మీలో సంతకం పెట్టనంటున్నది ఎవరమ్మా? ఈసారి వాళ్ళను కూడా వెంటబెట్టుకు రండి.”