చింతాద్రిపేటలో ఉదజని

చింతాద్రిపేట అన్న పేరులో చింతచెట్టూ లేదు, అద్రి అనదగిన కొండా లేదు. అరవంలో తరి అంటే మగ్గం. చిన్న తరి పేట్టై, అనగా చిన్న మగ్గాల పేట, తెలుగు నోటా దొరల నోటా పడి నలిగి చింతాద్రిపేట అయినది. 1734లో జార్జి మార్టన్ పిట్టు దొర చెన్నపట్నానికి గవర్నరుగా ఉన్నప్పుడు, కూవం నది మెలిక తిరిగిన చోట, సుంకురామ సెట్టి తోటగా ఉన్న నేలను తీసుకొని కంపెనీవారు ఈ పేట వేయించారు. సుంకురామ సెట్టి కంపెనీకి సరకు కుదిర్చిన పెద్ద వర్తకుడు. నూలు వడికేవారు, నేసేవారు, అద్దకం వేసేవారు, చలువ చేసేవారు అందరూ ఒక్కచోట ఉండవలెను, గుడ్డ తెమిలి ఓడ ఎక్కవలెను, ఇదే దొరల ధ్యాస. కూడా దేవుడు లేనిదే మనవాళ్లు ఏ ఊరూ చేరరు గనుక ఆదికేశవ పెరుమాళ్లూ ఆదిపురీశ్వరుడూ పక్కపక్కనే కొలువు తీరారు. నేటికీ అలాగే ఉన్నారు.

మగ్గాలు మాత్రం లేవు. ఇప్పుడు పేటకు వెళితే చేపల బజారు ఉన్నది, స్తంభాల మీద నడిచే రైలు ఉన్నది, మౌంటురోడ్డు వైపు వచ్చేసరికి రిచ్చీ వీధి ఉన్నది. ఆ వీధి సంగతి తరువాత చెబుతాము. ముందు నదిని పట్టుకొని కొంచెం పైకి పోవలెను.

కూవం గట్టు వెంబడి ఎదురు నడిస్తే వచ్చేది ఎగ్మూరు. 1786లో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి తన సొంత ముచ్చట కొద్దీ అక్కడ ఒక నక్షత్రశాల పెట్టుకున్నాడు. ఇంకా పైకి పోతే నుంగంబాకం. 1792లో ఆ నక్షత్రశాల అక్కడికి మారి కంపెనీవారిది అయినది. కాలేజీ రోడ్డులో, ఇప్పటి వాతావరణ శాఖవారి ఆవరణలో, ఆనాటి పరికరాన్ని మోసిన 15 అడుగుల నల్లరాతి స్తంభం నిలిచే ఉన్నది. దానిమీద లాటిను, తమిళాలతో పాటు తెలుగులో కూడా శాసనం చెక్కించారు. పట్నంలో తెలుగు ఎక్కడ ఉన్నదని అడిగే పిల్లలను ఒకసారి ఈ రాతి దగ్గరకు తీసుకొనిపోతే బాగుంటుంది. ఆఫీసువారి అనుమతి అడిగి చూడవలెను.

అక్కడ పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులుగారు 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని కనిపెట్టారు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణానికి వనపర్తి వెళ్లి పరిశీలించినదీ ఆయనే. విశాఖపట్నం జమీందారు గోడే వెంకట జగ్గారావుగారు కూడా ఇక్కడి టెయిలరు దొర వద్ద విద్య నేర్చి, ఊరికి పోయి 1840 ప్రాంతాన తమ తోటలోనే నక్షత్రశాల కట్టించుకున్నారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నడిపారు. మనవాళ్లకు ఆకాశం కొత్త కాదు సుమండీ. కాని పట్నం పెరిగినది, దీపాలు పెరిగినవి, మబ్బులు సరేసరి. 1899లో చుక్కల పని కొడైకెనాలుకు ఎక్కినది. నేడు చింతాద్రిపేట మేడ మీద నిలబడి తల ఎత్తితే పట్టుమని పాతిక చుక్కలు కనబడవు. పాలపుంత మాట సరే, మా ఇంటి పిల్లలు దాన్ని పుస్తకంలో బొమ్మగానే ఎరుగుదురు.

కంటికి కనబడని పాలపుంతను రిచ్చీ వీధి సరుకుతో విందామని మా మేనల్లుడు మొదలుపెట్టాడు. ఇంజనీరింగు చదువుతున్నవాడు. రిచ్చీ వీధి తెలియని పట్నవాసి ఉండడు. టీవీ, రేడియో, కంప్యూటరు విడిభాగాలలో అక్కడ దొరకనిది మరెక్కడా దొరకదు. వేలెడంత రేడియో గ్రాహకం ఒకటి, సన్నని ధ్వనిని పెద్దది చేసే ఆంప్లిఫయరు ఒకటి, కొంత తీగ కొన్నాడు. ఇంట్లో ఉన్న రేకు డబ్బా తీసుకున్నాడు. అట్టలు కోసి, అల్యూమినియం రేకు కాగితం అంటించి, మూరెడు మూతితో మొదలై గజం మూతికి విచ్చుకునే బూర వంటిది చేసి ఆ డబ్బాకు తగిలించాడు. డబ్బాలో 5 సెంటీమీటర్ల పైచిలుకు రాగి తీగ ముక్క నిలబెట్టాడు. ఆ 5 సెంటీమీటర్ల లెక్క దేనికని అడిగితే, 21లో నాలుగోవంతు మావయ్యా అన్నాడు.

ఈ 21 సంగతి కొంచెం తీరికగా చెప్పుకోదగినది. విశ్వంలో అన్నిటికంటె ఎక్కువగా ఉన్నది ఉదజని, అనగా హైడ్రోజన్. దాని పరమాణువులో ఒక ప్రోటాను, దాని చుట్టూ ఒక ఎలక్ట్రాను, అంతే సంసారం. రెండూ బొంగరాల వలె ఉన్నవనుకోండి. రెండు బొంగరాలూ ఒకే వైపు తిరిగితే ఆ పరమాణువులో రవంత శక్తి అధికం. ఎప్పుడో ఒకప్పుడు ఎలక్ట్రాను తలకిందులై ఎదురు వైపు తిరుగుతుంది. ఆ మిగులు శక్తి 21 సెంటీమీటర్ల పొడవైన రేడియో అలగా బయటకు పోతుంది. ఎప్పుడో అన్నామే, అది ఎంతకాలమనుకున్నారు? ఒక్క పరమాణువును దాని మానాన వదిలితే సగటున కోటి సంవత్సరాలకు పైబడి ఒక్కసారి. అయినా ఆ మౌనవ్రతులు లెక్కకు అందనంతమంది గనుక ఎల్లవేళలా ఎవరో ఒకరు పలుకుతూనే ఉంటారు.

హాలెండును జర్మనీ సేన ఆక్రమించుకొని ఉన్న 1944లో వాన్ డె హుల్స్ట్ అనే యువకుడు ఈ అల ఉండితీరవలెనని లెక్క కట్టి చెప్పాడు. 1951 మార్చి 25న అమెరికాలో హార్వర్డు విద్యాలయంలో యూయెన్, పర్సెల్ అనే ఇద్దరు దాన్ని విన్నారు. వారు వాడినది కూడా బూర వంటిదే, ప్రయోగశాల కిటికీలోనుంచి బయటకు పెట్టారు. వాన పడితే నీళ్లు గదిలోకి వచ్చేవట, కుర్రకారు అందులోకి మంచు ఉండలు విసిరేవారట. మా ఇంట ఆ బాధ లేదు, కాకులు మాత్రం వాలినవి.

ఐప్పశి మాసం, వాన వెలిసినా మబ్బు వీడని రాత్రి. మబ్బుతో మాకు పని లేదు, ఈ అలకు మబ్బు అడ్డం కాదు. మేడ మీద బూరను హంసమండలం ఉండవలసిన వైపు తిప్పి కూర్చున్నాము. మొదటి రెండు రాత్రులూ తెర మీద గజిబిజి గీతలు తప్ప ఏమీ లేదు. ఎదురింటి మెట్ల దీపమూ మా ఇంటి ఫోను చార్జర్లూ చేసే రొద అది అని తేల్చాడు మావాడు. కింది వాటా అత్తయ్యగారు పైకి వచ్చి చూసి, ఏమిటి నాయనా ఇది, పిడుగు గాని పడదు కదా అని అడిగింది. పడదండీ, మీ ట్యూబులైటు ఒక్క గంట ఆర్పితే చాలునన్నాడు. ఆమె ఎదురింటివారికి కూడా చెప్పి ఆర్పించింది. మూడో రాత్రి, కొన్ని నిమిషాల సేపు కూడిన గీత మధ్యలో ఎద్దు మూపురం వంటిది లేచినది. బూరను నేల వైపు వంచితే అది పోయినది. మళ్లీ పైకి ఎత్తితే వచ్చినది. భూమి తిరిగేకొద్దీ పాలపుంత పక్కకు జరగగా మూపురం నెమ్మదిగా తగ్గినది. అది ఉదజనియే. సెకనుకు 142 కోట్ల ఊగులకు కొంచెం అటు, కొంచెం ఇటు. వాయువు మన వైపు వస్తుంటే ఊగులు హెచ్చుతాయి, దూరం పోతుంటే తగ్గుతాయి. రైలు కూత దగ్గరకు వస్తూ ఒక రకంగా, దాటిపోతూ ఒక రకంగా వినిపించినట్లే. పది లక్షల ఊగుల తేడా వస్తే సెకనుకు సుమారు 211 కిలోమీటర్ల వేగమని లెక్క. అత్తయ్యగారు ఆ మూపురాన్ని చాలాసేపు చూసి, ఇన్నాళ్లూ ఇది మన నెత్తిన ఉన్నదా అన్నది.

ఇంత రొదలో ఆ స్వరం వినబడిందంటే ఒక కారణమున్నది. 1400 మొదలు 1427 మెగాహెర్ట్జుల దాకా ఎవరూ ప్రసారం చేయరాదని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నవి. పరాయి సరుకు దిగకుండా ఉదజనికి విడిచిన వీధి అది.

ఇక నూలు సంగతికి వస్తాము. నక్షత్రం అంటే నేసిన గుడ్డ. దానికి నూలు ఉదజని వాయువు. వాయువు చల్లబడి, ముద్దకట్టి, నక్షత్రమవుతుంది. మామూలు దూరదర్శినిలో గెలాక్సీని చూస్తే కనబడేది నేసిన గుడ్డ మాత్రమే. ఇంట్లో నూలు ఎంత మిగిలినది, ఇంకా ఎన్నాళ్లు మగ్గం ఆడుతుంది అన్నది ఈ 21 సెంటీమీటర్ల అలనుబట్టే తేలవలెను. అందుకే లోకమంతా ఈ లెక్కలు తీస్తున్నారు. ఆస్ట్రేలియాలో పార్క్స్ వద్ద 64 మీటర్ల దూరదర్శినితో దక్షిణాకాశం వెతికి 4,315 గెలాక్సీలలో వాయువు తూకం కట్టారు. ప్యూర్టోరికోలో అరెసిబో వద్ద 305 మీటర్ల పళ్లెంతో సుమారు 31,500 లెక్కించారు. పాపం, ఆ అరెసిబో 2020 డిసెంబరు 1న కూలిపోయినది.

మన దేశంలో ఈ పని జరిగేది పూనాకు ఉత్తరాన ఖోడద్ వద్ద. గోవింద్ స్వరూప్‌గారు అంతకుముందే ఊటీలో, కొండవాలు అక్షాంశానికి సరిపోయే చోటు వెతికి, 530 మీటర్ల పొడవున రేడియో దూరదర్శిని నిలబెట్టి 1970లో నడిపించారు. మనలో ఎందరో ఊటీ పోయి పూలతోట చూసి వస్తారు గాని ముత్తొరై వైపు పోరు. ఆయన తరువాత తలపెట్టినదే ఖోడద్. 45 మీటర్ల అడ్డుకొలతగల పళ్లేలు 30. వాటిలో 14 నడుమ గుంపుగా, తక్కిన 16 మూడు బారులుగా సుమారు 25 కిలోమీటర్ల మేర. అంత పళ్లేన్ని రేకుతో చేస్తే బరువుకూ గాలికీ ఖర్చుకూ తాళలేము. అందుచేత తుప్పు పట్టని ఉక్కు తాళ్లు బిగించి, వాటిమీద అర మిల్లీమీటరు తీగతో చేసిన వలను పరచారు. కన్నాలు ఒకటి రెండు సెంటీమీటర్లు. అల పొడవు 21 సెంటీమీటర్లు గనుక ఆ కన్నాలు దానికి కనబడనే కనబడవు, గోడ తగిలినట్లే వెనుదిరుగుతుంది. గాలి మాత్రం దూరి పోతుంది. మా పేట నేతగాండ్రు చూస్తే మెచ్చుకొనే పని.

ఆ వలలో చిక్కినవి రెండు చెబుతాము. ఎన్.జి.సి. 3741 అని ఒక మరుగుజ్జు గెలాక్సీ. వెలుగు చిన్న మరక వలె ఉంటుంది. దాని వాయువు మాత్రం ఆ వెలుగుకు ఎనిమిది రెట్లకు పైగా పరచుకొని ఉన్నదని 2005లో ఆయేషా బేగం, జయరాం చెంగలూరు ప్రభృతులు చూపారు. ఇంటినిండా నూలు పెట్టుకొని ఒక్క మగ్గం ఆడించే సంసారమన్నమాట. అలా ఎందుకు అన్న ప్రశ్నకు పండితులు ఇంకా తంటాలు పడుతున్నారు.

రెండవది దీనికి తలకిందులు. సుమారు 800 కోట్ల ఏండ్లనాటి గెలాక్సీల వాయువును కొలవవలెనని ఆదిత్య చౌధురి, నిస్సిం కణేకర్, చెంగలూరు తదితరులు పూనుకున్నారు. అంత దూరపు గెలాక్సీ ఒక్కటొక్కటే వినబడదు. ఒక్కొక్క ఇంటి నూలుపోగు తక్కెడకు తెలియదు, పేటలో అందరి ఇళ్ల నూలూ ఒకే తక్కెడలో వేస్తే ముల్లు కదులుతుంది. 7,653 గెలాక్సీల సంకేతాలను, సుమారు 100 గంటల పరిశీలనలో, ఒకదానిమీద ఒకటి పేర్చి కూడారు. ముల్లు కదిలినది. తేలినదేమంటే, అప్పటి జోరున నక్షత్రాలు నేస్తూ పోతే ఆ నూలు నూరు లేక రెండువందల కోట్ల ఏండ్లకు మాత్రమే సరి. బయటినుంచి వాయువు తగినంత వచ్చి పడలేదు. విశ్వంలో కొత్త నక్షత్రాలు పుట్టే జోరు ఆనాటికీ ఈనాటికీ పదోవంతుకు ఎందుకు పడినది అన్నదానికి ఇది జవాబు. మాంచెస్టరు మరమగ్గాల గుడ్డ దిగి, కంపెనీ బయానాలు ఆగినప్పుడు చింతాద్రిపేటలో మగ్గాలు మూలపడ్డవి గాని, నేతగాండ్ర చేతులు పని మరచి కాదు.

ఈ ఫలితం 2020 అక్టోబరులో నేచర్ పత్రికలో వచ్చినది. గోవింద్ స్వరూప్‌గారు ఆ ముందు నెల 7వ తేదీననే కన్నుమూశారు.

మాకు బెంగ కలిగించే విషయం మరొకటి. మన పాలపుంత అలకు అందరూ విడిచిన వీధి ఉన్నది గాని ఆ ప్రాచీన గెలాక్సీల అలకు లేదు. అంత దూరం వచ్చేసరికి విశ్వం సాగి, 21 సెంటీమీటర్ల అల 42 సెంటీమీటర్లకు చేరుతుంది, అనగా సుమారు 710 మెగాహెర్ట్జులు. సరిగా ఆ చుట్టుపక్కలనే ఇప్పుడు సెల్‌ఫోను కంపెనీలకు తరంగాలు అమ్మారు. 800 కోట్ల ఏండ్లు దారిలో దేనికీ తగలకుండా వచ్చిన స్వరం చివరి మైలులో మన ఫోను మాటలలో మునిగిపోవచ్చును. ఖోడద్ పరిసరాలలో గోపురాల విషయమై అక్కడివారు ఎప్పటికప్పుడు పోరాడవలసి వస్తున్నది. ఫోను వద్దనగలమా? అనలేము, మేమూ వాడుతున్నాము. ఐతే పల్లెపట్టున ఒక పదిమైళ్ల మౌనం కావలెనంటే అది గొంతెమ్మ కోరిక అని మేము అనుకోము.

చూడగోరినవారికి దారి చెబుతాము. పూనా నుంచి నాసిక్ రస్తాలో నారాయణగాఁవ్ చేరవలెను, సుమారు 80 కిలోమీటర్లు. అక్కడినుంచి తూర్పుకు తిరిగితే ఖోడద్. ద్రాక్షతోటలు ఉన్న సీమ. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి సాధారణంగా ప్రజలను లోపలికి రానిస్తారు, బడిపిల్లలు బస్సుల నిండా వస్తారు. మిగతా రోజులలో ముందుగా రాసి అడగవలెను. పళ్లేలు దూరంనుంచే కనబడతాయి, అక్కడే ఫోను కట్టివేయండి.