పెరటి తోట – ఇంటి తెలుగు

హోసూరు పక్కన మా తరగతి పిల్లలకు బెండకాయ తెలుసు. పూత, పిందె, నారు అనే మాటలు మాత్రం పుస్తకంలో చూసి, పరీక్షతోనే మరచిపోతారు. 2006 నాటి చట్టంతో తమిళనాట బడులలో తమిళం తప్పనిసరి అయింది. నేర్వవలసిన భాషే, పేచీ లేదు. అయితే తెలుగుకు దొరికే వేళ తక్కువ. అందుచేత, తల్లిదండ్రులారా, ఈ మాటలకు మీ ఇంట నాలుగు కుండీల చోటు ఇవ్వమని మనవి.

రోజుకు 6 గంటలైనా ఎండ తగిలే చోటు చూడండి. ఎర్రమట్టి 2 పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు 1 పాలు, కొంత ఇసుక కలపండి. పచ్చిపేడ వేస్తే వేళ్లు మాడిపోతాయి. కుండీ అడుగున రంధ్రం ఉండవలెను. తొలుత తోటకూర చల్లండి. నెల రోజులకు కోతకు వస్తుంది. పిల్లల ఓపిక అంతకు మించి సాగదు! బెండగింజలను రాత్రి నానబెట్టి, అర అంగుళం లోతున నాటండి. సుమారు 50 రోజులకు కాపు మొదలవుతుంది. ‘ఇది పూత, ఇది పిందె’ అని చూపండి. పిందెను తమిళంలో ‘పింజు’ అంటారని వాళ్లే చెబుతారు. చెప్పనివ్వండి.

పక్కన బంతి తప్పక వేయండి. దాని వేళ్లు నేలలోని నులిపురుగులను అణచుతాయి. సరిహద్దు దాటితే కన్నడిగులు దానిని ‘చెండుహూవు’ అంటారు. బంతి అన్నా, చెండు అన్నా పిల్లలు ఆడుకొనేదే. ఈ సంగతి తరగతిలో చెప్పగా, ఇంట కన్నడం పలికే అమ్మమ్మ ఉన్న ఒక పిల్ల మరునాడే ఎండిన చెండుపూలు పొట్లం కట్టి తెచ్చింది. ఆ విత్తనాలు బడి గోడవారన మొలిచాయి. ఈ వారం నారు తీసి నాటవలెను.